ఆకు అనని పచ్చ

మా వదిన వేసే పొలాల బొమ్మల్లో ఒక పచ్చ ఉంటుంది. అది నారుమడి పచ్చ. నాట్లు పడ్డాక చేలో కనిపించేది కాదు, వరి పొట్ట మీదున్నప్పటి ముదురు పచ్చా కాదు. విత్తనం చల్లిన కొద్దిరోజులకు మడంతా లేత నారు ఒత్తుగా లేస్తుంది. మబ్బు పట్టిన పూట చూస్తే దాని కింద ఎవరో దీపం పెట్టినట్టు ఉంటుంది. చుట్టూ అంతా బురద రంగులో ఉండగా అదొక్కటే వెలుగుతుంది. విజయవాడలో బొమ్మలు కొనేవాళ్లూ, కొనకుండా చూసి పోయేవాళ్లూ కూడా ఆ రంగును వదిన పేరుతోనే పిలుస్తారు. బందరు రోడ్డులో ఒక హోటల్లో రిసెప్షన్ వెనక గోడ మీద అదే పచ్చ. గన్నవరంలో ఒక డాక్టరుగారింట్లో మేడమెట్ల పక్కన అదే పచ్చ.

ఆ పచ్చ నాది.

ఈ మాట మా ఆయనతో చెబితే, "రంగు కూడా ఆస్తేనా, పంచుకోవడానికి?" అన్నారు. ఎదురు ఫ్లాటు ఆవిడతో చెబితే "అలాగాండీ" అని, వెంటనే లిఫ్టు పాడైన సంగతి ఎత్తుకుంది. ఎలా నీదయింది అని ఒక్కరూ అడగలేదు. అడగలేదు కాబట్టి నేనే చెబుతున్నాను.

వదిన అంటే మా మేనత్త కూతురు. నాకంటే ఏడాది పెద్ద. మేం బెజవాడలో ఉండేవాళ్లం, వాళ్లు కంకిపాడులో. మామయ్య అక్కడి హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. సెలవు దొరికితే చాలు, మా నాన్న నన్ను బస్సెక్కించి మేనత్త ఇంటికి పంపేసేవాడు. వాళ్లింటి పెరటి గోడ అవతల కాలువ, కాలువ అవతల పొలాలు. మామయ్య మా ఇద్దరినీ వెనక వసారాలో కూర్చోబెట్టి బొమ్మలు వేయించేవాడు. రంగుల పెట్టె ఇద్దరికీ ఒకటే. కుంచెలు మాత్రం రెండు. కొత్తది వదినకు, సగం వెంట్రుకలు ఊడినది నాకు. "నువ్వు చుట్టపుచూపుగా వచ్చేదానివి కదమ్మా" అనేవాడు మామయ్య, అదేదో న్యాయమైనట్టు.

కాలువలకు కొత్తగా నీళ్లు వదిలిన రోజులవి. అవతలి గట్టున నారుమళ్లు పచ్చగా ఉన్నాయి. ఆ రోజు అవి వేయమన్నాడు మామయ్య. కాగితాలు అట్టకు అంటించి ఇచ్చి, "ముందు కాగితమంతా పల్చగా పచ్చ పూసెయ్యండి. తరవాత సంగతి తరవాత" అని చెప్పి గడ్డం గీసుకోవడానికి లోపలికి వెళ్లాడు.

పచ్చ అన్నాడు. ఆకుపచ్చ అనలేదు.

ఇక్కడే కొంచెం ఆగాలి, ఎందుకంటే అందరూ ఇక్కడే నా మీద నవ్వుతారు. మా ఇంట్లో పచ్చ అంటే పసుపు రంగు. మా నాయనమ్మ "ఆ పచ్చ చీర తియ్యవే" అంటే పసుపురంగు చీరే తీసివ్వాలి. ఆకు రంగు కావాలంటే ఆకుపచ్చ అనో చిలకపచ్చ అనో ఆవిడ పూర్తిగా చెప్పేది. ఆవిడదే తప్పనుకుంటే, గుడ్డులో పచ్చసొన ఏ రంగులో ఉంటుంది? పచ్చకామెర్లు వచ్చినవాడు ఆకులా మారతాడా? మన భాషలో ఆ మాట రెండు రంగులకూ సమానంగా చెల్లుతుంది. ఏ రంగో చెప్పవలసింది పిల్లలకు పాఠం చెప్పే మాస్టారు. మామయ్య ‘ఆకు’ మింగేశాడు. నేను విన్నదాని ప్రకారం పసుపు బిళ్ల మీద కుంచె రుద్ది, నీళ్లు ఎక్కువ కలిపి, కాగితమంతా ఆ చివర నుంచి ఈ చివరిదాకా పూసేశాను.

వదిన తన కాగితం మీద పెట్టెలోని ఆకుపచ్చ పూస్తూ పక్కకు చూసింది. చూసి కుంచె కింద పడేసింది.

"నాన్నా! అమ్మా! రండి రండి! దీని పొలానికి పచ్చకామెర్లొచ్చాయి!"

మామయ్య సగం నురగ మొహంతో వచ్చాడు. అత్తయ్య గరిట పట్టుకుని వచ్చింది. మామయ్య కాగితం చూసి, చాలా గంభీరంగా, "కోడలా, దీనికి పసరు పోయించాలమ్మా. ఆలస్యం చేస్తే కష్టం" అన్నాడు. అత్తయ్య గరిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. పక్కింటివాళ్లు గోడ మీదుగా చూసి ఏంటని అడిగితే వాళ్లకూ చెప్పింది.

నేను లేచి వెళ్లి పెరట్లో బాదం చెట్టు వెనక కూర్చున్నాను. అన్నానికి పిలిస్తే రాలేదు. అత్తయ్య ఒకసారి వచ్చి చెయ్యి పట్టుకు లాగింది. వదిన వచ్చి, "రావే, ఆవకాయ కలిపి పెడుతున్నారు" అని ఊరించి పోయింది. ఆఖరికి మామయ్య వసారాలో నిలబడి గట్టిగా అన్నాడు: "ఒసే, కోడలు అలకపాన్పు ఎక్కిందే. ఏం కావాలో కనుక్కోండి, వాచీయా, సైకిలా?" మళ్లీ నవ్వులు. పెళ్లికొడుకు అలిగితే వాచీ, సైకిలు ఇస్తారు. నాకేమిచ్చారు? కాసేపటికి ఇంకొక కాగితం ఇస్తానన్నాడు. వద్దన్నాను.

వద్దని, ఆ పసుపు కాగితం ముందే మళ్లీ కూర్చున్నాను. అప్పటికి అది పూర్తిగా ఆరిపోయి ఉంది. దాని మీద నీలం పల్చగా కలిపి, పొలం ఉండాల్సిన చోట ఒక్కసారి పూసి వదిలేశాను. రుద్దలేదు. రుద్దడానికి నా కుంచెకు వెంట్రుకలు ఉంటేగా!

పచ్చ లేచింది. పెట్టెలో ఉన్న పచ్చ కాదు. పసుపు కింద నుంచి పైకి వస్తూ, నీలం దాని మీద పల్చటి నీడలా నిలబడి, అచ్చం కాలువ అవతల ఉన్న పచ్చ. వదిన కాగితం సిమెంటు తొట్టికి పట్టిన పాచిలా ఉంది.

మామయ్య నా వెనక వచ్చి నిలబడ్డాడు. నా కాగితం చూశాడు. తలెత్తి కాలువ అవతలికి చూశాడు. మళ్లీ కాగితం చూశాడు. భుజం తడతాడనుకున్నాను. ఆయన వదిన వైపు తిరిగి, "చూడవే, నారు అలా ఉంటుంది" అన్నాడు.

నాతో కాదు. ఆవిడతో. నా కాగితం చూపించి తన కూతురికి పాఠం చెప్పుకున్నాడు. ఆ కాగితాన్ని తరవాత అత్తయ్య పప్పుడబ్బాల అలమారలో పరిచింది. ఇప్పుడు అలమారా లేదు, మామయ్యా అత్తయ్యా లేరు. చూసినవాళ్లలో మిగిలింది మేమిద్దరమే.

ఆ తరవాత ఇద్దరికీ పెళ్లిళ్లయ్యాయి, ఇద్దరం విజయవాడలోనే స్థిరపడ్డాం. నేను ఆఫీసు ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు బొమ్మలు వేసుకున్నాను. వదిన రోజూ వేసింది. ఆ తేడా నేను కాదనను. కానీ ఆవిడ వేసింది ఏ పచ్చతో? ఒకసారి ఊళ్లో బొమ్మలు వేసే ఆడవాళ్లమంతా కలిసి ప్రదర్శన పెట్టినప్పుడు నేనూ ఒక నారుమడి పెట్టాను. ఒక పెద్దమనిషి కళ్లజోడు సర్దుకుని దగ్గరికి వచ్చి, "మీ వదినగారి పచ్చ భలే పట్టుకున్నారండీ" అన్నాడు. దొంగసొత్తు నా దగ్గర దొరికినట్టు అన్నాడు. మెచ్చుకున్నాననుకుని ఇంకా నవ్వుతూ నిలబడ్డాడు, నేను థాంక్స్ చెబుతానని.

ఆ రోజు నుంచి నేను పచ్చ మానేశాను. నా రంగు నేను వేస్తే దొంగతనమంటే, అసలు వేయనే వేయను. కోత అయ్యాక మొడ్లు వేశాను. కుప్పలు వేశాను. కాలువ కట్టేశాక నెర్రెలిచ్చిన అడుగు వేశాను. వేసవిలో బ్యారేజీ కింద ఇసక మేటలు వేశాను. మంగళగిరి కొండను ఎండలో బోడిగా వేశాను. ఇంటికొచ్చిన వాళ్లు గోడలన్నీ చూసి, "డెల్టాలో పుట్టి ఒక్క ఆకు కూడా వేయరేంటండీ?" అనేవారు. అది మా వదిన శాఖ అని చెప్పేదాన్ని. వాళ్లు నవ్వేవాళ్లు. తమాషా అనుకునేవాళ్లు. వానాకాలం బస్సులో కంకిపాడు రోడ్డున పోతుంటే రెండు పక్కలా నారుమళ్లు కనిపించేవి. నేను కిటికీ వైపు కాకుండా ఎదుటి సీటు వైపు చూస్తూ కూర్చునేదాన్ని.

అంతవరకూ ఓర్చుకున్నాను. కిందటేడు మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో వచ్చింది. వదినను ఎవరో మీ పచ్చ ఎలా పుట్టిందండీ అని అడుగుతున్నారు. వదిన చక్కగా నవ్వి చెబుతోంది: "చిన్నప్పుడు మా నాన్నగారు పచ్చ పూయమంటే నేను పొరపాటున పసుపు పూసేశానండీ. పొలానికి పచ్చకామెర్లొచ్చాయని ఇంట్లో అందరూ ఒకటే ఏడిపించడం. నాకు పంతమొచ్చి వెంటనే దాని మీద నీలం వేసేశాను. అంతే."

నేను ఫోను దించి, మళ్లీ ఎత్తి, మళ్లీ చూశాను. రంగు తీసుకుంటే తీసుకుంది. నా పొరపాటు కూడా తీసుకుంది. నా ఏడుపు కూడా తీసుకుంది. ఆ కామెర్ల మాట అన్నది ఎవరు? గ్రూపులో చుట్టాలంతా చప్పట్లు, దండాలు పెట్టారు. మా ఆయన కూడా ఒక పువ్వు పెట్టారు. అదేంటంటే వేలు తగిలిందన్నారు.

ఒక్కటి మాత్రం ఆవిడ తీసుకోలేకపోయింది. ‘వెంటనే’ అంది. పసుపు తడిగా ఉండగా వెంటనే నీలం వేస్తే రెండూ కలిసిపోయి కొట్లో కొన్న ఆకుపచ్చ అవుతుంది. పసుపు ఆరాలి. ఆ రోజు అది ఎందుకు ఆరింది? నేను అలిగాను కాబట్టి. బాదం చెట్టు వెనక నేను కూర్చున్నంతసేపూ అది ఆరింది. ఆ రంగులో మొదటిది పసుపు, రెండోది అలక, మూడోది నీలం. అలక సంగతి ఆవిడ ఎక్కడా చెప్పలేదు, ఎందుకంటే అలిగింది ఆవిడ కాదు.

ఈ వానాకాలం ఊళ్లో ఒక హాల్లో వదిన బొమ్మల ప్రదర్శన పెట్టారు. ముందు వరస సోఫాల్లో పెద్దవాళ్లు. సొంత మరదలికి వెనక ప్లాస్టిక్ కుర్చీ. మధ్యాహ్నం బొమ్మ వేసి చూపించే కార్యక్రమం. వదిన మంగళగిరి చీర కట్టుకుని, మైకు పట్టుకుని, మళ్లీ అదే కథ మొదలుపెట్టింది. పచ్చ పూయమంటే పొరపాటున పసుపు... నేను లేచి నిలబడ్డాను. లేస్తానని నేనూ అనుకోలేదు.

"ఆ పొరపాటు నాదండీ" అన్నాను.

హాలంతా వెనక్కి తిరిగింది. "నాదే. వదినది కాదు. వదిన నవ్వింది. పైగా అది పొరపాటు కూడా కాదు" అన్నాను. చివరి మాట ఎవరికీ అర్థమైనట్టు లేదు.

వదిన మైకు సర్దుకుంది. తరవాత మైకులో, తీయగా, "మా మరదలండీ. నేను పచ్చగా ఉంటే చూడలేదు" అంది.

హాలు పగలబడి నవ్వింది. అప్పుడూ ఇంతే. మాట ఎప్పుడూ దాని నోటికే ముందు దొరుకుతుంది. నవ్వులు ఆగాక, "రావే, ఇట్రా. నీదైతే నువ్వే వేసి చూపించు" అని కుంచె నా వైపు చాపింది. అది కొత్త కుంచె.

వెళ్లాను. కాగితమంతా పసుపు పూశాను. వదిన పక్క నుంచి ఒక హెయిర్ డ్రయ్యరు తీసి, ప్లగ్గు పెట్టి నాకు అందించింది. ఆవిడ అలాగే ఆరబెడుతుందట, రోజూ.

"అక్కర్లేదు" అన్నాను.

"ఆరొద్దా?"

"దానంతటదే ఆరుతుంది."

"బయట వాన పడుతోందే. సాయంత్రమైనా ఆరదు."

"నేను అలిగినప్పుడు హెయిర్ డ్రయ్యర్ లేదు" అన్నాను.

వదిన నా మొహంలోకి చూసింది. డ్రయ్యరు పక్కన పెట్టేసింది.

జనం కొంచెంసేపు ఆ పసుపు కాగితాన్నే చూశారు. కాఫీలు వచ్చాయి, అటు వెళ్లారు. తిరిగి వచ్చి ఇంకా ఆరలేదా అన్నారు. ఒకాయన వేలు పెట్టి చూడబోతే చెయ్యి తోసేశాను. పిల్లల్ని తీసుకొచ్చినవాళ్లు ముందు లేచారు, తరవాత సోఫాలవాళ్లు. "మరోసారి చూస్తామండీ" అని వదినతో చెప్పి వెళ్లారు. నాతో చెప్పలేదు. చివరకు కుర్చీలు ఒకదానిలో ఒకటి దూర్చే మనిషి, నేను, వదిన మిగిలాం. వదిన చీర కుచ్చెళ్లు సర్దుకుని నా పక్క కుర్చీలో కూలబడింది.

"మరి ఆ వీడియోలోనే ఎందుకు చెప్పలేదు వదినా, నాదని?" అన్నాను.

"ఏమని చెప్పమంటావే? నేను తప్పు చేశానంటే జనం ముచ్చటపడతారు. మా మరదలు చేసిందంటే, మరి ఆవిడ బొమ్మలేవండీ అంటారు. అప్పుడేం చెప్పను? నా మీద కోపంతో పచ్చ మానేసిందనా?"

నేను పచ్చ మానేసిన సంగతి ఆవిడకు తెలుసని నాకు తెలియదు. ఇన్నేళ్లుగా మా ఇంటి గోడల వైపు చూస్తూ టిఫిన్లు తిని వెళ్లిందేగానీ ఒక్క మాట అనలేదు. ఎందుకు మానేశానో ఎవరికీ తెలియదన్న ఒక్క బాధ నాకు సొంతంగా ఉండేది. అదీ ఆవిడ చేతిలోనే ఉందన్నమాట.

"మరి ‘వెంటనే’ అని ఎందుకు చెప్పావు?" అన్నాను. "వెంటనే కాదు కదా. నేను అలిగాను కదా."

"నీ అలక కూడా చెప్పుకుంటే ఇంకేం మిగులుతుందే నీకు?" అంది. వేళాకోళమో కాదో మొహం చూస్తే తెలియలేదు.

పసుపు ఆరింది. వేలి వెనక వైపుతో తాకి చూశాను. నీలం పల్చగా కలిపి, ఒక్కసారి పూసి, చెయ్యి తీసేశాను. లేచింది. గోడల నిండా ఉన్న వదిన పచ్చల మధ్య నా పచ్చ తడిగా లేచింది. డ్రయ్యరుతో ఆరబెట్టిన పసుపు, కాగితం పైపైనే ఉండిపోతుంది. మెల్లగా ఆరినది కాగితం గరుకులోకి దిగుతుంది. ఆ తేడా నాకు కనిపించింది. వదినకూ కనిపించింది. ఆవిడ కాగితం వైపు, తన బొమ్మల వైపు, మళ్లీ కాగితం వైపు చూసింది. అచ్చం వాళ్ల నాన్న చూసినట్టు.

"నారు" అంది. తరవాత, "నీదేలే" అంది.

హాలు నిండా జనం ఉన్నప్పుడు నేను పచ్చగా ఉంటే చూడలేదని మైకులో చెప్పింది. హాలు ఖాళీ అయ్యాక, మైకు తీసేశాక, నీదేలే అంది. విన్నది కుర్చీలు సర్దే మనిషి. అతనూ విన్నాడో లేదో, కుర్చీల చప్పుడులో.

అప్పుడొచ్చాడు పేపరు ఫొటోగ్రాఫరు, వానలో తడిసి. ఆ కాగితం చూసి, "అబ్బ, దీని పక్కన నిలబడండి మేడమ్" అన్నాడు వదినతో. నాతో, "మీరు కొంచెం జరుగుతారాండీ" అన్నాడు. వదిన నా చెయ్యి పట్టుకుని లాగి, "ఈవిడే వేసింది. ఈవిడనీ తియ్యండి" అంది. అంది, నిజమే. తీశాడు కూడా. మర్నాడు పేపర్లో వదిన ఉంది, కాగితం ఉంది, నా మోచెయ్యి ఉంది. పొద్దున్నే చుట్టాలు ఫోన్లు చేశారు, మీ వదిన ఫొటో చూశావా అని.

ఆ ఆదివారం నేను కంకిపాడు బస్సెక్కాను. మామయ్య వాళ్ల పెరటి అవతల ఇప్పుడు ప్లాట్ల రాళ్లు పాతారు. కాలువ గట్టునే ఇంకా కిందికి నడిస్తే నారుమళ్లు దొరికాయి. గొడుగు మెడకూ భుజానికీ మధ్య ఇరికించుకుని కూర్చుని, పసుపు పూసి, ఆరేదాకా ఆగాను. అలిగి ఆగాలంటే కారణాలు కావాలి గదా. నాకు కొదవేం లేదు. ఒక్కొక్కటే తలుచుకుంటూ కూర్చున్నాను. సగం ఊడిన కుంచె దగ్గర మొదలుపెట్టి మోచెయ్యి దాకా రాకముందే ఆరిపోయింది.

ఆ బొమ్మ ఫ్రేము కట్టించి, మొడ్లూ కుప్పలూ తీసేసి, గుమ్మానికి ఎదురుగా తగిలించాను. ఎదురు ఫ్లాటు ఆవిడ పెరుగు తోడుకోసం వచ్చి, గిన్నె పట్టుకుని నిలబడిపోయింది.

"అబ్బ, అచ్చం మీ వదినగారి పచ్చలా ఉందండీ" అంది.

"లేదండీ. ఆవిడదే నా పచ్చలా ఉంటుంది" అన్నాను.

ఆవిడ నవ్వింది. ఆ నవ్వు కూడా గుర్తుపెట్టుకున్నాను. వచ్చే ఆదివారం పనికొస్తుంది.